ఆ బాంబు ఎవరి మీద పడింది?

(‘వై వుయ్ ఫైట్’ డాక్యుమెంటరీ ప్రదర్శన జరిగిన మర్నాటి సాయంత్రం మా గ్రంథాలయంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారు చదువుకోవడానికి రికార్డింగు విని రాసి పెట్టినది.)

అధ్యక్షులకు, గ్రంథాలయ మిత్రులకు, నిన్న రాత్రి సినిమా పూర్తయ్యేదాకా కదలకుండా కూర్చుని ఈ రోజు మళ్ళీ శ్రమ తీసుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారం. నిన్న దీపాలు వేసిన తరువాత మూడో వరసలో కూర్చున్న ఒక ఇంటర్మీడియెట్ విద్యార్థి లేచి నన్నొక ప్రశ్న అడిగాడు. అప్పటికే మీలో చాలామంది గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటున్నారు కాబట్టి మీకు వినిపించి ఉండదు. “సార్, ఆ తండ్రి తన కొడుకు పేరు రాయించిన బాంబు ఎవరి మీద పడింది?” అని అడిగాడు. నేను జవాబు చెప్పలేకపోయాను. రేపు మాట్లాడుకుందాం నాన్నా అని పంపించేశాను. కానీ రాత్రంతా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఈ రోజు చెప్పాలని నేను రాసుకున్న కాగితాలు వేరే ఉన్నాయి. వాటిని పక్కన పెట్టి, ఆ ప్రశ్న పట్టుకునే మాట్లాడతాను. నిన్న రానివారు కూడా ఉన్నారు కనుక కథ కొంత చెప్పక తప్పదు. చూసినవారు ఓపిక పట్టాలి.

ఈ సినిమా తీసినది యూజీన్ జారెకీ అనే అమెరికన్ దర్శకుడు. 2005లో సన్‌డాన్స్ చిత్రోత్సవంలో డాక్యుమెంటరీ విభాగంలో దీనికి అత్యున్నత బహుమతి వచ్చింది. అదే పేరుతో రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1942 నుంచి 1945 దాకా, హాలీవుడ్ దర్శకుడు ఫ్రాంక్ కాప్రా ఏడు చిత్రాలు తీశారు. అవి సైన్యం తీయించిన చిత్రాలు. ‘మనం ఎందుకు పోరాడుతున్నామో’ సైనికులకు వివరించి చెప్పడం వాటి పని. జారెకీ ఆ పేరునే తీసుకుని, దాని చివర ప్రశ్నార్థకం పెట్టినట్టుగా సినిమా తీశారు. దారిన పోయేవాళ్ళను ఆపి ‘మనం ఎందుకు యుద్ధం చేస్తున్నాం?’ అని అడుగుతారు. చాలామంది మొదట చెప్పేది ఒకటే మాట: స్వేచ్ఛ కోసం. ఆ తరువాత ఇంకో ప్రశ్న వేస్తే మాట తడబడుతుంది. మీరు గమనించారా? అబద్ధం చెప్పేవాళ్ళలో ఉండే తడబాటు కాదది. ఎన్నడూ ఆలోచించాల్సిన అవసరం రాని విషయాన్ని మొదటిసారి ఆలోచిస్తున్నప్పుడు వచ్చే తడబాటు.

ఇక ఆ తండ్రి. ఆయన పేరు నేను చెప్పను, మనకు అక్కర్లేదు కూడా. న్యూయార్క్ పోలీసు శాఖలో సార్జెంటుగా చేసి రిటైరయిన మనిషి. యువకుడిగా ఉన్నప్పుడు వియత్నాం వెళ్ళి హెలికాప్టరు తలుపు దగ్గర మెషిన్‌గన్ పట్టుకుని కూర్చున్నవాడు. 2001 సెప్టెంబరు 11న ఆయన కొడుకు వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో పనిలో ఉన్నాడు. ఇంటికి తిరిగి రాలేదు. దీనికి ఎవరో ఒకరు బదులు చెల్లించాలి అని ఆ తండ్రి అనుకున్నాడు. మనలో ఎవరం మాత్రం అనుకోం? పెంచి పెద్దచేసిన బిడ్డ ఒక ఉదయం ఆఫీసుకు వెళ్ళి పిడికెడు బూడిదగా కూడా దొరక్కపోతే, ఏ తండ్రి కడుపు మండదు? ఇరాక్ మీద యుద్ధం మొదలవుతుందని తెలిసినప్పుడు ఆయన సైన్యంలోని అన్ని విభాగాలకూ ఈమెయిళ్ళు రాశాడు. మీరు వేసే బాంబుల్లో ఒకదాని మీద నా కొడుకు పేరు రాయండి అని అడిగాడు. వాళ్ళు రాశారు. ‘ప్రేమతో, ఫలానావాడి స్మృతిలో’ అని. ఫోటో తీసి పంపారు. బాంబు వేశాం, పని పూర్తయింది అని కబురు కూడా పంపారు.

ఆరు నెలలు గడిచాయి. 2003 సెప్టెంబరు 17న అధ్యక్షుడు జార్జ్ బుష్ విలేకరులతో మాట్లాడుతూ, సెప్టెంబరు 11 దాడులతో ఇరాక్‌ను ఏలిన సద్దాం హుస్సేన్‌కు సంబంధం ఉన్నట్టు మా దగ్గర ఆధారమేదీ లేదు అన్నారు. మామూలుగా అనేశారు. ఆ మాట టీవీలో విన్నప్పుడు తనకేమైందో ఆ తండ్రి కెమెరా ముందు చెబుతాడు. మరి ఎందుకు వెళ్ళాం అక్కడికి? అంటాడు. తాను చేసిన పని తప్పే అంటాడు, కానీ ఆనాడు తనకు తెలిసిన దాన్నిబట్టి చేశానంటాడు. ఆ ముఖం చూశారు కదా మీరు. నాకు ఈ సినిమా అంతటిలో అంతకన్నా పెద్ద సాక్ష్యం లేదు. ఎందుకంటే ఆయన యుద్ధవ్యతిరేకి కాదు, మేధావి కాదు, ప్రభుత్వాన్ని శంకించే అలవాటున్న మనిషి కాదు. అధ్యక్షుడి మాట అంటే మాటే అనుకుని బతికినవాడు. దుఃఖం ఆయనది, నిజమైనది. ఆ దుఃఖాన్ని తీసుకుని వేరే ఎవరో వేరే పనికి వాడుకున్నారు.

ఒక్కడే కాదు సుమా. 2003 ఆగస్టులో వాషింగ్టన్ పోస్ట్ పత్రిక జరిపిన సర్వేలో పదిమంది అమెరికన్లలో దాదాపు ఏడుగురు, ఆ దాడుల వెనుక సద్దాం ఉండి ఉండవచ్చని నమ్ముతున్నట్టు తేలింది. ఒక దేశం దేశమే అలా నమ్మడం ఊరికే జరుగుతుందా? జరగదు. ‘సద్దామే చేయించాడు’ అని సూటిగా చెప్పనక్కర్లేదు. సెప్టెంబరు 11, సద్దాం, సెప్టెంబరు 11, సద్దాం అని ఒకే ఉపన్యాసంలో పక్కపక్కన అంటూ పోతే చాలు. ముడి వినేవాళ్ళే వేసుకుంటారు.

ఇప్పుడు వెనక్కి వెళ్దాం. సినిమా మొదలయ్యేది 1961 జనవరి 17న. పదవి దిగిపోవడానికి మూడు రోజుల ముందు అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ టీవీలో దేశ ప్రజలతో మాట్లాడారు. ఈయన ఎవరు? 1944లో నార్మండీ తీరంలో మిత్రరాజ్యాల సేనలను దింపిన మహా సేనాని. సైన్యంలోనే జీవితం గడిపినవాడు. అలాంటి మనిషి ఆ రాత్రి చెప్పింది ఇది: గత ప్రపంచ యుద్ధం దాకా మా దేశంలో ఆయుధ పరిశ్రమ అంటూ ప్రత్యేకంగా ఉండేది కాదు, నాగళ్ళు చేసేవాళ్ళే అవసరం వచ్చినప్పుడు కత్తులూ చేసేవారు, ఇప్పుడు అలా కుదరదు, 35 లక్షలమంది రక్షణ వ్యవస్థలో నేరుగా పనిచేస్తున్నారు, దేశంలోని కార్పొరేషన్లన్నిటి నికర ఆదాయం కన్నా ఎక్కువ మనం ఏటా సైనిక భద్రత మీద ఖర్చు చేస్తున్నాం. దీని పలుకుబడి ప్రతి నగరంలో, ప్రతి రాష్ట్ర శాసనసభలో, కేంద్ర ప్రభుత్వంలోని ప్రతి కార్యాలయంలో కనిపిస్తోంది. ఇది కోరి తెచ్చుకున్నదైనా, కోరకుండా వచ్చిపడినదైనా, ప్రభుత్వ నిర్ణయాలలో దానికి మితిమీరిన అధికారం దక్కకుండా జాగ్రత్తపడాలి అన్నారు. దానికాయన పెట్టిన పేరే మిలిటరీ ఇండస్ట్రియల్ కాంప్లెక్స్.

ఈ మాటను తెలుగులో ఎలా చెప్పాలన్నది నన్ను చాలాకాలంగా ఇబ్బంది పెడుతోంది. పత్రికల్లో ‘సైనిక పారిశ్రామిక కూటమి’ అని రాస్తారు. కానీ కూటమి అనగానే మనకు ఏం తడుతుంది? నలుగురు ఒక గదిలో కూర్చుని ఒప్పందం రాసుకున్నట్టు, పొత్తు కుదుర్చుకున్నట్టు తడుతుంది. అప్పుడు మనం ఆ నలుగురు దొంగలెవరా అని వెతకడం మొదలుపెడతాం. ఐసెన్‌హోవర్ చెప్పినది అది కాదని నా అభిప్రాయం. ‘కోరినా కోరకపోయినా’ అన్నారాయన. అంటే కుట్ర లేకపోయినా పెరిగేది అని. నాకు తోచిన మాట ‘అల్లిక’. చాప అల్లిక చూడండి. ఒక పుల్ల పట్టుకుని లాగితే పక్క పుల్ల కదులుతుంది, దాని పక్కది కదులుతుంది, చివరికి చాప మొత్తం కదులుతుంది. ఏ ఒక్క పుల్లా దుర్మార్గమైనది కాదు. కానీ ఏ పుల్లనూ బయటికి తీయలేం.

ఈ అల్లిక ఎలా పనిచేస్తుందో సినిమాలో ఒక ఉదాహరణ ఉంది, బి-2 బాంబరు. 132 విమానాలు చేయాలనుకుని, ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక చివరికి 21 మాత్రమే చేశారు. అభివృద్ధి ఖర్చుతో కలిపితే ఒక్కొక్కటి దాదాపు 200 కోట్ల డాలర్లు పడింది. దాని విడిభాగాలలో ఏదో ఒకటి అమెరికాలోని ప్రతి రాష్ట్రంలోనూ తయారవుతుందని సినిమాలో చెబుతారు. ఎందుకలా? ఒకచోట చేస్తే చవక కదా? అమెరికా ప్రతినిధుల సభలో సభ్యుడు రెండేళ్ళకోసారి ఎన్నికకు నిలబడాలి. తన నియోజకవర్గంలో రెక్క బిగించే కర్మాగారంలో 800 మంది పనిచేస్తున్నారనుకోండి, ఊరికే ఒక లెక్క చెబుతున్నాను, ఆ విమానం అక్కర్లేదని ఓటు వేసి ఆయన మళ్ళీ ఆ ఊరు వెళ్ళి ఓట్లడగగలడా? అడగలేడు. ఆయనకు యుద్ధం అంటే ఇష్టం ఉండనక్కర్లేదు. ఆయుధ కంపెనీ ఆయనకు లంచం ఇవ్వనక్కర్లేదు. ఆ 800 కుటుంబాల జీతాలే చాలు. సైన్యం వద్దన్న ఆయుధాన్ని కూడా శాసనసభ పట్టుబట్టి కొనిపించిన సందర్భాలు ఆ దేశంలో ఉన్నాయి.

దీనికి తోడు ప్రభుత్వానికీ కంపెనీలకూ మధ్య తలుపు ఒకటే, అటూ ఇటూ తిరిగేది. డిక్ చెనీ సంగతే తీసుకోండి. 1989 నుంచి 1993 దాకా రక్షణ మంత్రి. సైన్యానికి అన్నం వండటం, బట్టలుతకడం, గుడారాలు వేయడం వంటి పనులు ప్రైవేటు కంపెనీలకు అప్పగిస్తే ఎలా ఉంటుందో అధ్యయనం చేయమని ఆయన హయాంలోనే ఒక కంపెనీకి డబ్బిచ్చారు. 1992లో ఆ కాంట్రాక్టు ఆ కంపెనీకే దక్కింది. అది చమురు రంగంలో పనులు చేసే హాలిబర్టన్ అనే పెద్ద కంపెనీకి అనుబంధ సంస్థ. చెనీ పదవి పోయాక, 1995లో అదే హాలిబర్టన్‌కు అధిపతి అయ్యారు. 2000 దాకా ఉన్నారు. 2001లో ఉపాధ్యక్షుడు అయ్యారు. 2003లో ఇరాక్ చమురు బావుల మరమ్మతు పని పోటీ టెండరు లేకుండా ఆ అనుబంధ సంస్థకే వెళ్ళింది. తేదీలు వరసగా పెట్టి చూస్తే చాలు, నేను పక్కన వ్యాఖ్యానం చేయనవసరం లేదు.

సినిమాలో సెనేటర్ జాన్ మెకెయిన్ ఇంటర్వ్యూ గుర్తుందా? ఈ కాంట్రాక్టుల గురించే అడుగుతున్నారు. చూడటానికి బాగాలేదు, ప్రభుత్వం దగ్గర ఎక్కువ డబ్బు వసూలు చేశారు, అది తప్పు, బహిరంగ విచారణ జరగాలి అంటున్నారాయన. అంతలో పక్కనుంచి ఎవరో వచ్చి, ఉపాధ్యక్షుడు ఫోన్లో ఉన్నారు అని చెబుతారు. మెకెయిన్ లేచి వెళ్తారు. కెమెరా ఆ ఖాళీ కుర్చీని చూస్తూ ఉంటుంది. నిన్న హాల్లో కొందరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. వియత్నాంలో అయిదేళ్ళకు పైగా యుద్ధఖైదీగా చిత్రహింసలు పడి వచ్చిన మనిషి ఆయన, ధైర్యం లేనివాడని ఎవరూ అనలేరు. అంత ధైర్యవంతుడు కూడా ఈ అల్లికలో ఒక పుల్లగానే కూర్చుని ఉన్నాడన్న సంగతి నాకు ఆ ఖాళీ కుర్చీలో కనిపించింది.

అసలు ప్రశ్నకు వద్దాం. యుద్ధాలు ఎందుకు జరుగుతాయి? చిన్నప్పటినుంచీ మనకు బడిలో ఎలా నేర్పారు? ముప్పై అయిదేళ్ళు చరిత్ర పాఠం చెప్పినవాణ్ణి, నేనూ అలాగే నేర్పాను. ‘యుద్ధ కారణాలు’ అని ఒక శీర్షిక, దాని కింద వరసగా అంశాలు, ఆ తరువాత ‘యుద్ధ గమనం’, ఆ తరువాత ‘ఫలితాలు’. కారణం ముందు, యుద్ధం తరువాత. ఈ సినిమా చూసినప్పటినుంచీ నాకు ఆ వరస మీద నమ్మకం పోయింది. చాలాసార్లు సరంజామా ముందు సిద్ధమవుతుంది, కారణం తరువాత దొరుకుతుంది. 

వియత్నాం తీరంలోని టోంకిన్ సింధుశాఖ సంగతి చూడండి. 1964 ఆగస్టు 4 రాత్రి ఉత్తర వియత్నాం పడవలు తమ నౌకల మీద రెండోసారి దాడి చేశాయని అమెరికా ప్రభుత్వం ప్రకటించింది. మూడు రోజుల్లో, సైన్యాన్ని దింపే అధికారం అధ్యక్షుడికి ఇచ్చే తీర్మానం అయిపోయింది. ప్రతినిధుల సభలో 416 ఓట్లు అనుకూలం, వ్యతిరేకం సున్నా. సెనేట్‌లో 88 అనుకూలం, ఇద్దరే ఇద్దరు వ్యతిరేకం, వేన్ మోర్స్, ఎర్నెస్ట్ గ్రూనింగ్. ఆ రెండో దాడి జరగనే లేదు. రాడారులోనూ సోనారులోనూ కనిపించినవి భ్రమలు. కానీ ఆ తీర్మానం పట్టుకుని నడిపిన యుద్ధంలో 58 వేలమందికి పైగా అమెరికన్ సైనికులు చనిపోయారు. వియత్నాం ప్రభుత్వం 1995లో చెప్పిన లెక్క ప్రకారం ఆ దేశంలో చనిపోయినవారు సుమారు 30 లక్షలు. ఆ యుద్ధానికే మన తండ్రి వెళ్ళాడు, హెలికాప్టరు తలుపు దగ్గర కూర్చుని. అంటే ఆయన జీవితంలో ఇది రెండుసార్లు జరిగింది. మొదటిసారి ఆయన శరీరాన్ని తీసుకెళ్ళారు, రెండోసారి ఆయన కొడుకు పేరును.

2003లో కూడా అంతే. సామూహిక విధ్వంసక ఆయుధాలున్నాయన్నారు. ఫిబ్రవరి 5న అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో కూర్చుని, చిన్న గాజుసీసా చేతిలో ఎత్తి చూపించి, ప్రాణాంతకమైన ఆంత్రాక్స్ క్రిముల పొడి ఇంత చాలు అన్నారు. యుద్ధం అయిన తరువాత అమెరికా ప్రభుత్వమే నియమించిన బృందం ఇరాక్ అంతా వెతికి, 2004లో, అక్కడ అలాంటి ఆయుధ నిల్వలేవీ లేవని నివేదిక ఇచ్చింది. మరి అసలు కారణం చమురా? ప్రపంచంలో తమకు ఎదురులేకుండా చూసుకోవాలన్న కొందరి సిద్ధాంతమా? కాంట్రాక్టులా? ప్రతీకారమా? సినిమా వీటన్నిటినీ చెబుతుంది, ఏదో ఒకటే అని తేల్చదు. తేల్చకపోవడమే సరైనదని నేను అనుకుంటున్నాను. ఒక్కొక్కరికి ఒక్కొక్క కారణం ఉంది, అన్ని కారణాలూ ఒకే దారికి వచ్చాయి. ఆ దారి మాత్రం ఎప్పుడో వేసి ఉంచారు.

ఇందులో నన్ను బాగా కలచివేసినవారు ఇంకా ఇద్దరున్నారు. ఒకరు 23 ఏళ్ళ కుర్రవాడు. తల్లి చనిపోయింది, చేతిలో డబ్బు లేదు, చదువు సాగలేదు, సైన్యంలో చేరుతున్నాడు. అతన్ని అడిగితే దేశభక్తి గురించి పెద్ద మాటలేవీ చెప్పడు. తన కష్టాలే చెబుతాడు. ఇంకొకరు వియత్నాం మహిళ, శాస్త్రవేత్త. 1975లో దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ పడిపోయినప్పుడు చిన్నపిల్లగా కుటుంబంతో పారిపోయి అమెరికా చేరింది. ఆశ్రయమిచ్చిన దేశం రుణం తీర్చుకోవాలన్నది ఆమె తపన. సెప్టెంబరు 11 తరువాత ఆమె బృందం 67 రోజుల్లో గుహలలోని మనుషులను చంపే కొత్తరకం బాంబును తయారుచేసింది. ఆమెను చూస్తే నాకు కోపం రాలేదు. బాంబుల నుంచి పారిపోయి వచ్చిన పిల్ల పెద్దదై కృతజ్ఞతతో బాంబు చేసింది. కృతజ్ఞత కన్నా మంచి గుణం ఏముంది చెప్పండి? పేదరికం, కృతజ్ఞత, పుత్రశోకం, ఇవన్నీ మనుషుల దగ్గర ఉండేవే. ఆ అల్లికకు ఇవన్నీ నారలే. దుర్మార్గం మాత్రమే యుద్ధాలను నడుపుతుందని అనుకున్నంతకాలం మనకు ఇది అర్థం కాదు.

అయితే సినిమాలో నాకు నచ్చని సంగతి ఒకటుంది, అది కూడా చెప్పాలి. ఐసెన్‌హోవర్‌ను ఇది కొంచెం రుషిలాగా చూపిస్తుంది. 1953 ఏప్రిల్‌లో, పదవిలోకి వచ్చిన కొత్తలో, ఆయన ఒక గొప్ప ఉపన్యాసం చేసిన మాట నిజం. తయారైన ప్రతి తుపాకీ ఆకలిగొన్నవాడి నోటిదగ్గరి కూడు దొంగిలించడమే అన్న అర్థంలో మాట్లాడారు. ఒక బాంబరు విమానం ఖరీదుతో 30కి పైగా పట్టణాలలో ఇటుక బడులు కట్టవచ్చని, ఒక యుద్ధనౌక ఖరీదుతో 8 వేలమందికి ఇళ్ళు కట్టవచ్చని లెక్క చెప్పారు. కానీ అదే సంవత్సరం ఆగస్టులో ఇరాన్‌లో ప్రజలు ఎన్నుకున్న మొసాదిక్ ప్రభుత్వాన్ని ఆయన గూఢచారి సంస్థే బ్రిటిష్‌వారితో కలిసి కూల్చింది. మొసాదిక్ చేసిన నేరం చమురును జాతీయం చేయడం. ఈ సంగతి సినిమా చెబుతుంది, కాదనను. అమెరికా అణ్వాయుధాల సంఖ్య ఆయన వచ్చేనాటికి సుమారు వెయ్యి, 1960 నాటికి 18 వేలు దాటింది. కట్టినవాడే గోడ కూలుతుందని హెచ్చరించినట్టయింది. అందుకే ఆ హెచ్చరికకు విలువ పెరిగిందని నేనంటాను, కానీ ఆయన చేతులకూ ఆ సున్నం అంటుకునే ఉంది. ఎనిమిదేళ్ళు అధికారంలో ఉండి చేయలేని పనిని ఆయన పోతూ పోతూ పౌరులకు అప్పగించారు. మెలకువగా, విషయం తెలుసుకుని ఉండే పౌరులే దీన్ని అదుపులో పెట్టగలరు అన్నారు.

ఇప్పుడు ఆ అబ్బాయి ప్రశ్న. వచ్చావా నాన్నా? ఆ, అక్కడున్నావు, మంచిది. ఆ బాంబు ఎవరి మీద పడింది? ఆ తండ్రికి పంపిన కబురులో పేలినట్టు ఉంది, ఎవరు చనిపోయారో లేదు. కాబట్టి నేను నీకు ఒక పేరు చెప్పలేను. కానీ ఆ రోజులెలాంటివో చెప్పగలను. యుద్ధం మొదటి బాంబులు 2003 మార్చి 20 తెల్లవారుజామున బాగ్దాద్ శివార్లలో దోరా పొలాల మీద పడ్డాయి. సద్దాం అక్కడ ఉన్నాడని కబురొచ్చి, రాడారుకు దొరకని రెండు స్టెల్త్ విమానాలు వెళ్ళి, రెండేసి చొప్పున మొత్తం నాలుగు 2 వేల పౌండ్ల బాంబులు వేశాయి. ఆ విమానాలు నడిపిన ఇద్దరినీ మీరు నిన్న చూశారు. శిక్షణ పొందిన, మర్యాదస్థులైన యువకులు. సద్దాం అక్కడ లేడు. హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ ఆ సంవత్సరం చివర విడుదల చేసిన నివేదిక ప్రకారం, ఇరాక్ నాయకులను గురిపెట్టి అలా చేసిన దాడులు 50. అందులో అనుకున్న మనిషి చనిపోయిన దాడి ఒక్కటీ లేదు. చనిపోయింది పక్కిళ్ళవాళ్ళు. ఆ తొలి వారాలలోనే 7 వేలమందికి పైగా పౌరులు చనిపోయారని, పత్రికా వార్తలు ఒక్కొక్కటే సరిచూసి లెక్క రాసే ఇరాక్ బాడీ కౌంట్ చెబుతోంది. తరువాతి ఏళ్ళలో ఆ లెక్క సుమారు 2 లక్షల దాకా వెళ్ళింది. ఆ 7 వేలమందికీ తండ్రులున్నారు. వాళ్ళెవరికీ తమ బిడ్డ పేరు రాయించుకోవడానికి బాంబు లేదు, ఈమెయిలు పంపడానికి చిరునామా లేదు. ఈ సినిమా బాగ్దాద్ వెళ్ళింది, వాళ్ళలో కొందరిచేత మాట్లాడించింది, కానీ చాలా కొద్దిసేపు. గంటా నలభై నిమిషాల సినిమాలో వాళ్ళకు దక్కిన నిమిషాలు తక్కువ. నాకున్న పెద్ద అసంతృప్తి అదే.

ఈ సినిమా వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది కదా, పాత కథ కాదా అని నిన్న ఒక పెద్దాయన అడిగారు. బ్రౌన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2021లో వేసిన లెక్క ప్రకారం, 2001 తరువాతి యుద్ధాలకు అమెరికా ఖర్చు 8 లక్షల కోట్ల డాలర్లు. చనిపోయినవారు 9 లక్షలు. స్టాక్‌హోమ్ శాంతి పరిశోధన సంస్థ సిప్రి లెక్కలో 2024లో ప్రపంచ దేశాలన్నీ కలిసి సైన్యాల మీద 2.7 లక్షల కోట్ల డాలర్లు ఖర్చు చేశాయి, అందులో మూడో వంతుకు పైగా అమెరికాది. మన దేశం అయిదో స్థానంలో ఉంది. కనుక పాత కథ కాదండీ. మనది కాని కథ అని కూడా అనలేం.

ఎందుకంటే ఇక్కడినుంచి హైదరాబాద్ శివార్లలోని ఆదిభట్ల ఎంత దూరం? మనలో కొందరు రోజూ అక్కడికి వెళ్ళి వస్తున్నవాళ్ళే. 2003లో ఇరాక్ మీద ఎగిరిన అపాచీ హెలికాప్టరు ఉంది కదా, దాని ప్రధాన దేహం 2018 నుంచి ఆదిభట్లలో తయారై బయటి దేశాలకు వెళ్తోంది. రవాణా విమానాల తోకలు తయారవుతున్నాయి. ఇజ్రాయెల్ రకం హెర్మిస్ డ్రోన్లు ఆ దేశం బయట తయారయ్యే తొలి కర్మాగారం 2018 చివర్లో హైదరాబాద్‌లోనే తెరిచారు. అంతకుముందు మనకు రక్షణ కర్మాగారాలు లేవా అంటే ఉన్నాయి. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో 1970లో క్షిపణులు చేసే భారత్ డైనమిక్స్, 1973లో ప్రత్యేక లోహాలు చేసే మిధాని వచ్చాయి. అవి 1962, 1965 యుద్ధాల అనుభవంతో, మన ఆయుధం మనమే చేసుకోవాలని ప్రభుత్వం పెట్టినవి. వాటి చరిత్ర వేరు, దాన్ని దీనితో కలిపి కొట్టిపారేయడం న్యాయం కాదు. కానీ వేరే దేశం కోసం, వేరే దేశపు యుద్ధం కోసం మన చేతులు పనిచేయడం కొత్త సంగతి. మనకు అది ఉద్యోగాల వార్తగా వచ్చింది. నేను కూడా ఉద్యోగాల వార్తగానే సంతోషించాను, ఒప్పుకుంటున్నాను. నా దగ్గర చదువుకున్న పిల్లలు అక్కడ చేరినప్పుడు స్వీటు పెట్టెలు తెచ్చిచ్చారు, తిన్నాను.

అలా చేరినవాళ్ళలో ఒకడికి మొన్న ఈ ప్రదర్శన సంగతి చెబుదామని ఫోన్ చేశాను. ఐటీఐ చేసి, లోహపు రేకులకు రంధ్రాలు వేసి రివెట్లు బిగించే పనిలో ఉన్నాడు. చాలా నేర్పు కావాలి సార్, వెంట్రుకవాసి తేడా వచ్చినా మొత్తం పక్కన పెట్టేస్తారు అని పని గురించి ఎంతో ఇష్టంగా చెప్పాడు. ఆ ఇష్టం చూస్తే నాకు ముచ్చటేసింది. నువ్వు చేసే ముక్క చివరికి ఏ దేశం వెళ్తుందిరా అని అడిగాను. కాసేపు ఆగాడు. “ప్రతిదానికీ నంబరు ఉంటుంది సార్. నంబరు నాకు తెలుసు. దేశం తెలీదు. ఎప్పుడూ అడగలేదు” అన్నాడు. నేనూ ఆ ప్రశ్న అడిగింది అదే మొదటిసారి, వాడు చేరి నాలుగేళ్ళయ్యింది. సినిమా చూడాలని ఉంది కానీ రాత్రి షిఫ్టు ఉంది సార్ అన్నాడు. తరువాత చూడమని సినిమా కాపీ పంపించాను. ఈ ఆదివారం వస్తానన్నాడు, అదిగో ఆ కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని మాట్లాడుకుంటాం. మీలో ఎవరైనా రావచ్చు. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి. ముందు ఆ అబ్బాయికి మైకు ఇవ్వండి.